పెద్దాపురం మిల్లులో ‘తుప్పు’ కచేరీ

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా వీధి మొదట్లో ఎస్టీడీ బూత్ నడిపే నాగరత్నం గారు. మొగల్తూరులో మా ఇంటికి అప్పటికి ఫోను లేదు. మాకోసం ఎవరు చేసినా ఆవిడ బూత్‌కే చేసేవారు. ఆవిడ మమ్మల్ని పిలవడానికి బయల్దేరి, దారిలో సగం సంగతి వీధికి చెప్పి, మిగిలిన సగం మాకు చెప్పేది. పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు, మార్గశిర గురువారం నాడు నేను లక్ష్మీపూజలో ఉండగా వచ్చి, పూజ అయ్యేదాకా నోరు మెదపకుండా గుమ్మంలో నిలబడింది. అప్పుడే అనుకున్నాను, ఏదో పెద్ద విషయమేనని.

“వదిన గారూ, మీ మాధవి చేసిందండి. ఆదివారం పెద్దాపురంలో కచేరీ అంట. అత్త రాకపోతే నా పని అయిపోయిందని చెప్పమంది. ఏడుస్తుందండి పిల్ల.”

మాధవి మా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పిల్లని విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివించాడు. ఉద్యోగంలో చేరిన ఏడాదికే మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక బ్యాండు పెట్టింది. దాని పేరు ‘తుప్పు’. పాటలు పాడరు. ఇనప రేకులు, గొలుసులు, మోటార్లు చేసే చప్పుళ్ళని మైకులతో పట్టి, పెట్టెల్లో పోసి, సాగదీసి గంటలకొద్దీ వినిపిస్తారు. సెల్లార్లలో, మూసేసిన గోడౌన్లలో జరుగుతాయి వీళ్ళ కచేరీలు. పేపర్లో పడవు, టిక్కెట్లుండవు, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని వస్తారు.

“పేరుకి తుప్పేంటండి, లక్షణమైన పిల్లకి!” అని నాగరత్నం గారు బుగ్గలు నొక్కుకుంది.

తమ్ముడు అంతకు ముందే ఒక మాట అనేశాడు. “అక్కా, ఆ గోల నాకు తెలీదు. నువ్వెళ్ళి చూడు. మంచి పనే అన్నావా, ఇక నోరెత్తను. కాదన్నావా, ఆ పెట్టెలన్నీ అమ్మేసి ఇంటికి వచ్చెయ్యాలి.” మాధవి కూడా సరేనంది, అత్త మాటకి కట్టుబడతానంది.

నేను బడి గుమ్మం తొక్కినదాన్ని కాదు. మా నాయనమ్మ వసారాలో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు, ఆవిడ నేర్పిన కీర్తనలే నా సంగీతం. అయినా తీర్పు నా మీద పెట్టారంటే, నేను అబద్ధమాడనని మా ఇంట్లో అందరి నమ్మకం. భగవంతుడి దయవల్ల ఇన్నేళ్ళూ అది నిలబడింది. నా భయమంతా దాని గురించే. నచ్చకపోతే, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ నచ్చలేదనే చెప్పాలి.

“ఒక్కదాన్నే వెళ్ళగలనా?” అన్నాను మా వారితో. ఆయన జవాబు చెప్పేలోపే నాగరత్నం గారు, “నేను లేనేంటండి!” అని బూత్ తాళం మరిదికి అప్పగించేసింది. ఆవిడ రుణం తీర్చుకోలేను.

తణుకు

శుక్రవారం నరసాపురం మీదుగా బస్సుల్లో మారుతూ సాయంత్రానికి తణుకు చేరాం. మాధవికని ఒక జాడీ మాగాయ పట్టుకెళ్ళాను. పాలకొల్లు దాటాక రోడ్డు గతుకులకి మూత వదిలి, నూనె సీటు కింద నుంచి పాకి కండక్టరు చెప్పులు తడిపింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన వంగి వాసన చూసి, “ఏంటండీ ఇది, నేను టిక్కెట్టు కొట్టింది మీకు, ఊరగాయకి కొట్టలేదే!” అన్నాడు. బస్సంతా నవ్వింది. వెనక సీటు నుంచి ఎవరో మహాతల్లి పాత పంచె ముక్క అందిస్తే తుడిచాను. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

తణుకులో నాగరత్నం గారి చెల్లెలింట్లో దిగాం. చెరకు ఆడే రోజులు కావడంతో ఊరంతా బెల్లప్పాకం వాసన. మా మొగల్తూరు గాలిలో ఉప్పు, చేప తప్ప ఇంకోటి ఉండదు. ఇక్కడ పరగడుపున గాలి పీల్చినా నోరు తియ్యగా ఉంటుంది. ఆ ఇంటావిడకి ఆ వాసనే తెలియడం లేదట, “ఏ వాసనండీ?” అని నన్నే అడిగింది. వేడన్నంలో కందిపచ్చడి వేసి, చారు పోసి పెట్టింది. ఆవిడ భర్త చెరకు ఫ్యాక్టరీలో పని చేస్తారు. వడ్డన దగ్గర కూర్చుని ఆరా తీశారు.

“ఎవరు పాడతారండి?”

“ఎవరూ పాడరటండి.”

“మరి వీణా, ఫిడేలా?”

“మూసేసిన బియ్యం మిల్లు ఉందట. దాన్నే వాయిస్తారట.”

ఆయనకి పొలమారింది. మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, “మా ఫ్యాక్టరీకి రమ్మనండి. సీజనంతా మాకు ఇరవైనాలుగ్గంటలూ కచేరీయే. విన్నందుకు జీతం కూడా ఇస్తారు” అన్నారు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పడుకున్నాక మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఆయన అన్నదే నిజమైతే, తమ్ముడికి నేను చెప్పవలసిందీ అదే కదా అనిపించింది.

గోదావరి ఒడ్డున

శనివారం సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెంలో ఆగాం. అరటి గెలలు రోడ్డు పక్కన గోడల్లా పేర్చి ఉన్నాయి. డజను పళ్ళు ఎనిమిది రూపాయలన్నాడు. నాగరత్నం గారు అయిదుకి అడిగింది. “అమ్మా, అయిదుకైతే తొక్కలొస్తాయండి” అన్నాడతను మర్యాదగానే. ఏడుకి ఇచ్చి, విడిగా రెండు పళ్ళు చేతిలో పెట్టాడు, “దారిలో తినండి, అవి లెక్కలోవి కావండి” అని.

రాజమండ్రిలో సత్రంలో గది దొరికింది. పుష్కరాలకి వచ్చినప్పుడు జనం మధ్య మూడు మునకలు వేసి, నీళ్ళే చూడకుండా వెళ్ళిపోయాను. ఈసారి రేవులో నలుగురైదుగురే ఉన్నారు. చన్నీళ్ళలో మునిగి లేస్తే ఒళ్ళు ఝల్లుమంది. అరటిదొప్పలో దీపం వదిలి, “అమ్మా, రేపు నా చెవులు సరిగ్గా వినేలా చూడు, నా నోరు సరిగ్గా చెప్పేలా చూడు” అని దణ్ణం పెట్టుకున్నాను. ఇంతకంటే ఏం కోరుకోవాలో తెలియలేదు.

నాగరత్నం గారు నన్ను రోజ్‌మిల్కు తాగడానికి లాక్కెళ్ళింది. గ్లాసు ఆరు రూపాయలు. గులాబీరంగు పాలు చూసి ముందు జంకాను. ఒక గుక్క తాగాక ఇంకో గ్లాసు నేనే అడిగాను. నచ్చుతుందో లేదో తాగకుండానే తేల్చుకోబోయినందుకు నన్ను నేనే మందలించుకున్నాను.

మిల్లు

ఆదివారం రాజానగరం మీదుగా పెద్దాపురం చేరేసరికి పన్నెండయింది. మిల్లు ఊరికి కొంచెం ఎడంగా, పొలాల అంచున ఉంది. మాధవితో వాయించే కిరణ్ అనే అబ్బాయి మేనమామది. మూతపడి ఆరేళ్ళయింది. సామానంతా పాత ఇనుముకి అమ్మేశారట, ఆ వారంలోనే వచ్చి విప్పుకుపోతారట. విప్పేలోపు ఒక్కసారి ఆడించి వినిపించాలని వీళ్ళ పట్టుదల.

మాధవి చేతులకి గ్రీజు, జుట్టుకి ఊక. నన్ను వాటేసుకోబోయి, చీర పాడవుతుందని ఆగిపోయింది. నేనే దగ్గరికి తీసుకున్నాను.

“అత్తా, నీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు. నాకోసం మార్చొద్దు.”

“మార్చను తల్లీ. అందుకేగా నన్ను రమ్మన్నావు.”

లోపల నేలంతా పొట్లపాదులా తీగలు. చింతగింజలంత మైకుల్ని దెబ్బలకి వేసే ప్లాస్టరు ముక్కలతో ఎక్కడపడితే అక్కడ అతికించారు, ధాన్యం పోసే తొట్టికి, ఊక గొట్టానికి, పైకప్పు రేకులకి కూడా. ఇంజను దగ్గర సత్తెయ్య గారని పెద్దాయన. ముప్ఫై ఏళ్ళు ఆ మిల్లులో ఇంజను డ్రైవరుగా చేశారట. నాలుగు రోజులు కష్టపడి ఆయిలింజనుకి ప్రాణం పోశారు. నాలుగింటికి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టారు. మాధవి చెప్పులు విడిచి వచ్చి హారతి కళ్ళకద్దుకుంది. కడుపు నిండిపోయింది నాకు. పేరు ఏదైనా, పని మొదలుపెట్టే తీరు మర్చిపోలేదు మా పిల్ల.

విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి ముప్ఫైమంది దాకా వచ్చి గోనెసంచుల మీద కూర్చున్నారు. ఇంజను డుగ్గుడుగ్గుమంది. యంత్రాల్ని తిప్పే బెల్టు పట్టాలు కదిలాయి. కిరణ్ వేలాడదీసిన ఇనప రేకు మీద ఫిడేలు కమాను నెమ్మదిగా లాగాడు. బ్యాండులోని ఇంకో అబ్బాయి గొలుసుని నేలమీద ఈడ్చాడు. మాధవి బోలెడన్ని మరలున్న పెట్టె ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక్కొక్కటే తిప్పుతూ ఉంది.

కొంతసేపటికి నాగరత్నం గారు నా చెవిలో, “వదిన గారూ, ఇది మొదలైందంటారా, ఇంకా సరిచేసుకుంటున్నారా?” అంది.

ముందు కళ్ళు మూసుకు కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి, “మొదలై ఇరవై నిమిషాలైంది ఆంటీ” అంది.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి గంట నేను పడ్డ అవస్థ దేవుడికే తెలుసు. ఎక్కడా మొదలూ చివరా లేని ఒకే రొద. నేల అదిరి పేగుల్లోకి వచ్చేది. మధ్యలో ఇనుము ఇనుముని గీరితే పళ్ళు జివ్వుమనేవి. తల ఒకవైపు నొప్పి మొదలైంది. రేకుల కంతల్లోంచి పడుతున్న ఎండ చారల్లో దుమ్ము తేలుతుంటే దాన్నే చూస్తూ, ‘స్వామీ, దీనికి నేనేం చెప్పాలి?’ అనుకున్నాను. తమ్ముడికి చెప్పబోయే మాట అప్పటికే నా నోట్లో తయారైపోయింది. మంచి మాట కాదది.

బస్తాల వరస

అప్పుడు గేటు దగ్గర ఒక ముసలావిడ కనిపించింది. నెత్తిమీద చిన్న బస్తా. ఎవరినీ అడగలేదు, ఎవరినీ చూడలేదు. తిన్నగా వచ్చి, వడ్లు ఆడే హల్లరు ముందు బస్తా దించి, దానిమీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ వెనకే సైకిలు మీద ఒకాయన రెండు బస్తాలతో. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. చూస్తుండగా ఎనిమిది బస్తాలు వరస కట్టాయి.

సంగతేమిటంటే, ఆ ఇంజను చప్పుడు ఆరేళ్ళ తర్వాత ఊళ్ళోకి వినబడింది. మిల్లు తెరిచారనుకున్నారు వాళ్ళు. అక్కడ చిన్న రైతులు, కోసిన చేలల్లో పరిగె ఏరుకునేవాళ్ళు ఇంటి గింజలు ఆడించుకోవాలంటే సామర్లకోట దాకా మోసుకెళ్ళాలట. మా వైపు మిల్లు దగ్గర మనుషులు వరసలో నిలబడతారు. ఇక్కడ బస్తా నిలబడుతుంది. బస్తా పెట్టేసి మనిషి ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చినా ఆ చోటు ఎవరూ ముట్టుకోరట. అందుకే ఆవిడ ఎవరినీ అడగలేదు.

హైదరాబాదు పిల్లలు ఇదీ కచేరీలో భాగమేననుకుని ఇంకా శ్రద్ధగా చూస్తున్నారు. కిరణ్ మాత్రం కమాను దించేసి మాధవి దగ్గరికి పరుగెత్తాడు. మేం పక్కనే ఉన్నాం కాబట్టి అంతా వినబడింది.

“గేటు వేయించేద్దాం మాధవీ. అంతా పాడైపోతుంది. వీళ్ళకి రేపు రమ్మని చెబుదాం.”

ముసలావిడ అది విని, “రేపు కూడా ఆడతారా బాబుగారూ?” అంది.

రేపు ఏముంది అక్కడ?

సత్తెయ్య గారు నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “అమ్మాయిగారూ, నేనూ ఇందాకట్నించి చెబుదామనే అనుకుంటన్నానండి. గింజ లేకుండా హల్లరుని ఇంతసేపు తిప్పకూడదండి. ఇనుం ఇనుమునే తినేస్తుందండి. మీరు వద్దంటే ఆపేస్తాను, ఊఁ అంటే పోస్తాను.”

మాధవి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అది ఏడాదిగా కూర్చుకున్న కచేరీ, తండ్రి దగ్గర దానికున్న ఒక్క అవకాశం. అక్కడ ముక్కలైపోతే నేనేం చెబుతానో దానికి తెలియదు. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. నా పని వినడమే.

“పోయండి” అంది. “వరసలో ఎవరు ముందుంటే వాళ్ళవి.”

“ఆయ్!” అన్నారు సత్తెయ్య గారు.

ముసలావిడ బస్తా తొట్టిలోకి వంచారు. గింజలు జారి హల్లరులో పడ్డాయి. అంతే, ఆ గీరుడు పోయింది. ఇనుము మెత్తబడింది. రొద అదే, కానీ ఇప్పుడు దానికి ఒళ్ళొచ్చింది. మాధవి పెట్టె మీద మరలు ఒక్కొక్కటే తగ్గించేసింది. గొలుసు పోయింది, రేకు పోయింది. తను ఏడాది కష్టపడి చేసుకున్న చప్పుళ్ళన్నీ తన చేత్తోనే దించేసి, గింజకి చోటిచ్చింది. లేచి వెళ్ళి ఒక మైకు ఊక గొట్టం నుంచి పీకి, ముసలావిడ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. చేట ఎగిరినప్పుడల్లా ఆ పెద్ద పెద్ద స్పీకర్లలోంచి వాన వచ్చి వెళ్ళినట్టు. కిరణ్ కమాను పక్కన పెట్టి బస్తా మూతి పట్టుకున్నాడు.

నా తలనొప్పి ఎప్పుడు పోయిందో తెలియదు. ఎదురుగా మా తమ్ముడి కూతురు, జుట్టు నిండా తవుడు, కళ్ళు అర మూసుకుని, ఎనిమిది బస్తాల ధాన్యం బియ్యమవుతున్న చప్పుడుని చేతులతో పట్టుకుని మా అందరికీ పంచుతూ ఉంది. గర్వపడటం పాపమని మా నాయనమ్మ అనేది. ఆ సాయంత్రం ఆ పాపం నిండుగా చేశాను. నాగరత్నం గారు ఎప్పుడు లేచిందో, జల్లెడ పట్టుకుని నూకలు వేరు చేస్తూ కనిపించింది.

సోలెడు బియ్యం

దీపాలు పెట్టే వేళకి బస్తాలు అయిపోయాయి. ఊరివాళ్ళు ఒక్కొక్కళ్ళే బియ్యం ఎత్తుకుని వెళ్ళిపోయారు. మొదట వచ్చిన ముసలావిడ మాత్రం, అందరికంటే ముందు తన పని అయిపోయినా, బస్తా మీదే కూర్చుని ఉంది. మాధవి చివరి మర ఆపి, సత్తెయ్య గారు ఇంజను కట్టేసి, నిశ్శబ్దమయ్యాకే లేచింది. ఆవిడ పేరు పాపాయమ్మ అని అప్పుడడిగి తెలుసుకున్నాను.

“మీ బియ్యం ఎప్పుడో అయ్యాయి కదండీ, ఎందుకు కూర్చున్నారు?” అన్నాను.

“ఆ పాపగారి పని అవలేదు కదండి. మన పని చేసి పెట్టినోళ్ళు ఇంకా చేస్తంటే, మనం దులుపుకుని పోతే ఏం బాగుంటదండి?”

తర్వాత మాధవి దగ్గరికి వెళ్ళి, “కూలి ఎంతండి?” అంది.

“కూలేంటి అమ్మమ్మా, ఏమీ వద్దు” అంది మాధవి.

“అదేంటమ్మా! ఉత్తినే చేయించుకుంటే రేపు ఆ అన్నం అరుగుతుందా నాకు? పట్టు, పట్టు.” బలవంతాన మాధవి చున్నీ పరిపించి సోలెడు బియ్యం కొలిచి పోసింది. పైన గుప్పెడు కొసరు వేసింది.

మాధవి చున్నీ ముడి వేసుకుంది. “అత్తా, ఇన్ని ఊళ్ళలో వాయించాం. మాకు ఎవరైనా ఏదైనా ఇవ్వడం ఇదే మొదటిసారి.”

“ఇందులో సగం నాకిస్తావా?” అన్నాను.

ఎందుకని అడగలేదు. ముడి విప్పి సగం కంటే ఎక్కువే నా సంచిలో పోసింది.

మర్నాడు పొద్దున్నే మరిడమ్మ తల్లిని దర్శించుకున్నాం. జాతర ఆషాఢంలో గనక, రద్దీ లేకుండా అమ్మవారి ఎదుట నిలబడనిచ్చారు. నేనేమీ కోరలేదు. విననిచ్చినందుకు దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

భీమవరం

సోమవారం సాయంత్రానికి తమ్ముడింటికి చేరాం. అప్పుడే చెరువుల దగ్గర్నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు దించకుండానే అడిగాడు. “ఊఁ, ఏమైంది?”

“మొదటి గంట నాకు నచ్చలేదురా. తలనొప్పి వచ్చింది.”

“నేను చెప్పలా!”

“పూర్తిగా విను” అని జరిగింది జరిగినట్టు చెప్పాను. బస్తాలు, గేటు, పిల్ల ‘పోయండి’ అనడం, అన్నీ. మరదలు సుశీల వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

“అర్థమైందా నీకు?” అన్నాడు.

“లేదు.”

“అర్థం కాకుండా మంచిదెలా అంటావక్కా?”

“పంతులుగారి మంత్రం అమ్మకి ఒక్క ముక్కైనా అర్థమయ్యేదా? ఆవిడ చేతులు జోడించి కూర్చున్న తీరు చూసి కాదూ నువ్వూ నేనూ భక్తి నేర్చుకుంది? నీ కూతురు చేసేది మంచి పనిరా. నేను పూచీ.”

సంచి విప్పి ఆ బియ్యం సుశీల చేతికిచ్చాను. “ఇది మాధవి మొదటి సంపాదన. వీడికి వండిపెట్టు” అన్నాను, వాడు వింటుండగానే.

సుశీల ఎసట్లో వేసేముందు ఆ బియ్యాన్ని కళ్ళకద్దుకుంది. పీట వేసి వడ్డించాం. ఆ అన్నంలో తమ్ముడు ముందు ఏమీ కలుపుకోలేదు. ఉత్త మెతుకులే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“నూకలెక్కువ” అన్నాడు.

“పాత హల్లరు మరి” అన్నాను.

పప్పు కలుపుకుని తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక తల ఎత్తకుండా, “ఇంకా ఉందా? ఇంకొంచెం పెట్టు” అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, మాధవి నంబరు ఎక్కడుందని సుశీలని అడిగాడు. నేనూ నాగరత్నం గారూ వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాం. ఆవిడ జీవితంలో ఒక ఫోను మాట చెవి పెట్టి వినకపోవడం బహుశా అదొక్కసారే.

ఇది చదివి పెద్దాపురం వెళ్ళేవాళ్ళు ఆ మిల్లు కోసం వెతకకండి, అక్కడిప్పుడు గోడలే ఉన్నాయి. మాధవి ఇంకా వాయిస్తూనే ఉంది, దాన్ని తలుచుకోవడానికి మేమున్నాం. మీరు మాత్రం ఏ పూటైనా విస్తరి ముందు కూర్చున్నప్పుడు పాపాయమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి. ఎవరి పనీ ఉత్తినే తీసుకోని మనిషి ఆవిడ. మేమెవరమూ మా పిల్ల చేసేదాన్ని పని అని అనకముందే, దానికి కూలి కొలిచి ఇచ్చింది.